ప్రభువు బల్లమీది ద్రాక్షారసము: గిన్నె, గ్లాసు



ఈ శతజయంతి సంచికలో దైవసేవకుల జీవితములను గూర్చి, దేవాలయముల నిర్మాణమును గూర్చి, పాఠశాలలు, ఆసుపత్రులు చేసిన సేవను గూర్చి నాకంటె చదువుకున్నవారు వ్రాస్తున్నారు. నేను ఎన్నుకొన్న విషయము చిన్నది. నెలకొకసారి మన బల్లమీదికి వచ్చే ద్రాక్షారసము ఎక్కడనుండి వచ్చినది, దానిని ఎవరు చేసారు, దేనిలో పోసి ఇచ్చారు అన్నదే నా వ్యాసము. విషయము చిన్నదే గాని, వ్రాయడానికి కూర్చున్న తరువాత, ఈ మైదానములో మన సంఘముల చరిత్ర సగము ఆ గిన్నెలోనే ఉన్నదనిపించినది.

దీనిని వ్రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. మా అమ్మ దాదాపు నలుబది ఏండ్లు మా ఊరి సంఘమునకు ఆ రసము కాచి ఇచ్చినది. మొదటి ఆదివారమునకు ముందటి శనివారము సాయంత్రము మా ఇంటిలో పొయ్యిమీద వేరే వంట ఉండేది కాదు. పిల్లలము పచ్చడి మెతుకులు తిని, ఆ వాసన పీలుస్తూ పడుకొనేవారము. సంఘపు లెక్కల పుస్తకములో ఆమె పేరు ఎక్కడా లేదు. "ఎండు ద్రాక్ష, శేరు" అని ఖర్చు మాత్రము ఉన్నది.

నల్లరేగడిలో ద్రాక్షతోట లేదు

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి భూములు పత్తికి, మిరపకు, పొగాకుకు, శనగకు పేరుపొందినవి. వానకాలములో నీటిని పట్టి ఉంచే ఈ నేల ద్రాక్షతీగకు గిట్టదు. దాని వేళ్లకు నీరు జారిపోయే నేల కావాలి. తెలుగునాట ద్రాక్ష అనగానే హైదరాబాదు చుట్టుప్రక్కల అనాబ్-ఎ-షాహి తోటలే పెద్దలకు జ్ఞాపకము వస్తాయి. మన వైపు పచ్చి ద్రాక్షగుత్తిని మా తరము పిల్లలు మొదట సండేస్కూలు బొమ్మలలోనే చూసారు.

1842 జూలై 31న హయ్యరుగారు గుంటూరులో అడుగుపెట్టారు. ఆయన అమెరికానుండి వచ్చిన లూథరను మిషనెరీ. ఆనాటి కలెక్టరు స్టోక్సు దొర ఆయనను ఆదరించాడు. 1866లో క్లౌగారు ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు బాప్టిస్టు సంఘము ఏర్పడినది. పట్టణములో ఉన్న దొరల ఇండ్లకు ఓడలమీద మద్రాసుకు వచ్చిన సీమ ద్రాక్షారసము చేరవచ్చును. కాని ముప్పది మైళ్ల అవతల, ఎడ్లబండి కూడ సరిగా పోని పల్లెలో, గడ్డితో కప్పిన ప్రార్థన పాకలో బల్ల ఆచరించాలంటే అంత ఖరీదైన సీసా ఎవరు తెస్తారు? కోమటి దుకాణములో దొరికే ఎండు ద్రాక్షయే దానికి జవాబయినది. ఆయుర్వేద వైద్యులు మందులలో వాడే గింజల మునక్కా అయినా, పాయసములో వేసే కిస్మిస్ అయినా ఎండలో ఎండిన ద్రాక్షయే గదా.

ఇది మనము కొత్తగా కనిపెట్టినది కాదు. తోమా క్రైస్తవులని పేరుపొందిన మలబారు సంఘమువారు, తమ దేశములో ద్రాక్ష పండనందున, ఎండు ద్రాక్షను నీటిలో నానబెట్టి పిండిన రసముతో శతాబ్దముల తరబడి బల్ల ఆచరించారు. పోర్చుగీసువారు వచ్చి చూసిన ఆచారములలో ఇదొకటి. ద్రాక్ష పండని దేశములో బల్ల నిలవాలంటే ఎండిన ద్రాక్షయే దారి అని మనకంటె ముందే మన దేశపు క్రైస్తవులు తెలుసుకొన్నారు.

అమ్మ కాచిన పద్ధతి

ఎండు ద్రాక్షను ముందు వేడినీళ్లతో రెండుసార్లు కడిగేది. దుకాణములో గోతాలలో ఉండే పండుకు దుమ్ము ఉంటుంది, కొన్నిటికి నూనె పూత కూడ ఉంటుంది. తరువాత ఒక పాలు పండుకు నాలుగు పాళ్లు నీరు పోసి రాత్రంతా నానబెట్టేది. ఉబ్బిన పండ్లను చేతితోనే పిసికేది. రోలులో వేసి దంచనిచ్చేది కాదు. గింజ నలిగితే రసము వగరవుతుందని ఆమె చెప్పేది. పిమ్మట సన్నని సెగమీద కాచి, చీరాల నేత గుడ్డ రెండు మడతలు వేసి వడకట్టేది. పంచదార వేసేది కాదు. దానికి కారణము ఆమెకు రుచివలన తెలుసు, నాకు తరువాత లెక్కవలన తెలిసినది. ఎండు ద్రాక్షలో మూడింట రెండు పాళ్లు చక్కెరయే. కిలో పండు నాలుగు లీటర్ల నీటిలో వేస్తే లీటరుకు సుమారు నూట అరువది గ్రాముల చక్కెర దిగుతుంది. పచ్చి ద్రాక్ష పిండినా దాదాపు అంతే ఉంటుంది. అనగా ఎండినప్పుడు పండు పోగొట్టుకొన్న నీటిని మనము తిరిగి ఇస్తున్నామన్నమాట.

కాచే గిన్నె విషయములో ఆమె పట్టుదల మనిషి. ఆ రోజులలో ఇంటిలో ఉన్నవి ఇత్తడి గిన్నెలు. ద్రాక్షలో పులుపు ఉన్నది. పులుపు ఇత్తడికి, రాగికి తగిలితే చిలుము పుడుతుంది, అది కడుపులోకి పోతే వాంతులు అవుతాయి. అందువలన కళాయి వేసిన గిన్నెలోనే కాచేది. కళాయి సాయిబు వీధిలోకి వచ్చినప్పుడు మొదట పోయేది మా గిన్నెయే. ఆయన గిన్నెను నిప్పులమీద కాల్చి, నవాసాగరము చల్లి, తగరమును దూది ఉండతో లోపలంతా పూస్తుంటే, ఆ తెల్లని పొగలో గిన్నె వెండిలాగ మెరిసేది. "సాయిబుగారూ, ఇది గుడి గిన్నె, జాగ్రత్త" అని అమ్మ అంటే, ఆయన ఆ ఒక్క గిన్నెకు డబ్బు తక్కువ తీసికొనేవాడు. మన బల్ల చరిత్రలో ఆ సాయిబుకు కూడ వంతు ఉన్నదని నేను వ్రాయకపోతే మరి ఎవరూ వ్రాయరు.

పులియుట, పులియకుండుట

ఒక సంవత్సరము ఎండకాలములో పాస్టరుగారు జబ్బుపడి మొదటి ఆదివారపు ఆచరణ రెండు వారములు వాయిదా పడినది. అమ్మ రసమును బిరడా బిగించి మూల పెట్టినది. పదో రోజు మధ్యాహ్నము తుపాకి ప్రేలినట్లు శబ్దము వచ్చి సీసా ముక్కలయినది. గోడనిండా ఎర్రని మరకలు. మా నాయనమ్మ అది అపశకునమని ఏడ్చినది. అమ్మ మాత్రము గోడను వ్రేలితో తుడిచి వాసన చూసి, "కల్లు వాసన వస్తోంది" అన్నది.

ఆమె చెప్పినది నిజమే. పండు తొక్కమీద, గాలిలో, గుడ్డలో కంటికి కనబడని పులియబెట్టు జీవులు ఉంటాయి. అవి చక్కెరను తిని సారాయమును, బొగ్గుపులుసు వాయువును పుట్టిస్తాయి. పులియుట జీవుల పనియేనని ఫ్రాన్సు దేశపు పాశ్చరు పండితుడు 1850లు, 1860లలో నిరూపించాడు. లీటరు రసములో పది గ్రాముల చక్కెర పులిసినా సుమారు రెండున్నర లీటర్ల వాయువు పుడుతుంది. బిరడా బిగించిన సీసాలో అది ఎక్కడికి పోతుంది? ఇక లీటరుకు నూట అరువది గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే నూటికి తొమ్మిది పాళ్ల సారాయమున్న అసలైన ద్రాక్షాసవము తయారవుతుంది. కాబట్టి పులియని రసము, పులిసిన రసము అన్నవి రెండు వేరు పదార్థములు కావు. ఒకే గిన్నెలోని ఒకే రసమునకు వారము రోజుల తేడా.

ఆ తేడాను ఆపిన మనిషి అమెరికాలో వైన్‌లాండ్ అనే ఊరిలో దంతవైద్యుడైన థామస్ వెల్చ్. ఆయన మెథడిస్టు సంఘములో బల్ల ఏర్పాట్లు చూసేవాడు. 1869లో ఆయన పాశ్చరు పద్ధతిని ద్రాక్షరసమునకు పట్టించాడు. రసమును సీసాలలో పోసి, మూతవేసి, సీసాలతోపాటు మరుగు నీటిలో ఉంచాడు. జీవులు చనిపోయినవి, రసము పులియలేదు. మద్యపాన వ్యతిరేక ఉద్యమము బలముగా ఉన్న అమెరికా సంఘములలో ఆ రసము త్వరగా వ్యాపించినది. మన ప్రాంతమునకు బాప్టిస్టు, లూథరను మిషనెరీలు వచ్చినది ఆ దేశమునుండే అని జ్ఞాపకముంచుకుంటే, మన బల్లమీద కాచిన రసము ఎందుకు కుదురుకొన్నదో సులువుగా తెలుస్తుంది.

అందరూ ఈ పద్ధతికి ఒప్పుకోలేదు. ఫిరంగిపురమువంటి ప్రాచీన కేంద్రములు గల రోమను కథోలిక సంఘములో ద్రాక్షపండునుండి సహజముగా తయారై చెడిపోని ద్రాక్షారసమే వాడాలని నియమము. 1983 నాటి సంఘ ధర్మశాస్త్రము కూడ దానినే తిరిగి చెప్పినది. ఇంకొక చివర రక్షణ సైన్యము ఉన్నది. బాపట్లలోను, స్టూవర్టుపురములోను ఎంతో సేవచేసిన ఆ సైన్యమువారు 1883నుండి రొట్టె, ద్రాక్షారసముల ఆచరణనే మానివేసారు. తాగుడునుండి బయటపడినవాని పెదవికి మరల ఆ రుచి తగలకూడదన్నది వారి ఆలోచనలలో ఒకటి. ఇట్లు పులిసినది, పులియనిది, అసలు లేనిది అనే మూడు దారులూ మన మైదానములోనే, సైకిలు దూరములోనే ఉన్నవి.

కల్లుకుండ ప్రక్కన

పులియని రసము దొరల అలవాటు మాత్రమే అనుకుంటే పొరపాటు. మన పల్లెలకు దానికి సొంత కారణము ఉన్నది. తాటిచెట్లు ఉన్న ఊరిలో కల్లు ఉన్నది. కూలి డబ్బు ఇంటికి చేరే దారిలో కల్లుపాక ఉన్నది. మిరపకోతలకు పోయి వచ్చిన స్త్రీకి వ్రేళ్లు మండుతుంటే, ఆమె మగనికి కడుపు మండకుండ ఆ డబ్బే పోయేది. అటువంటి ఇంటిలో "ద్రాక్షారసము" అని పేరు పెట్టి మరొక మత్తు పదార్థమును బల్లమీద పెట్టడానికి మన పెద్దలకు మనసు ఒప్పలేదు. ఆనాటి ఆ పెద్దలను మూఢులని ఎవరైన అంటే నేను ఒప్పుకోను.

ఈ తగవు గుడిలోనే గాక ప్రభుత్వములోను నడిచినది. మన జిల్లా ఉమ్మడి మద్రాసు రాష్ట్రములో ఉండగా 1948 నాటికి రాష్ట్రమంతటా మద్యనిషేధము వచ్చినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. దాని మొదటి ముఖ్యమంత్రి, మన జిల్లా పేరు ఎవరిదో ఆ ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము 1954 నవంబరులో మద్యనిషేధ వివాదముమీదనే పడిపోయినది. తరువాత 1992లో మన పొరుగు నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకొంటున్న స్త్రీలు సారా దుకాణమునకు అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రములో సారా నిషేధించబడినది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చి, 1997లో సడలినది. ఆ రోజులలో మా అమ్మ నవ్వుతూ అన్న మాట: "మన రసానికి ఏ ప్రభుత్వము వచ్చినా అడ్డము లేదు."

కొన్ని చోట్ల, ముఖ్యముగా కేరళ క్రైస్తవ గృహములలోను ఆంగ్లో ఇండియను గృహములలోను, క్రిస్మసుకు ఇంటిలో ద్రాక్షాసవము పులియబెట్టుట వాడుక. మన మైదానపు పల్లె ఇంటిలో క్రిస్మసు అంటే అరిసెలు, చక్రాలు. ఆసవము మన పండుగ పదార్థము కాలేదు. ద్రాక్షరసము మనకు బల్లదగ్గర మాత్రమే కనబడినందున, దాని వాసనకే మనకు ఆరాధన జ్ఞాపకము వస్తుంది. ఇది మన పేదరికము ఇచ్చిన ఒక మేలు అని నేను అనుకొంటాను.

ఒకే గిన్నె

ఇక గిన్నె సంగతి. ఇంతవరకు వ్రాసినది వంటింటి చరిత్ర. ఇకమీద వ్రాసేది మన గౌరవపు చరిత్ర.

ఈ దేశములో ఒకరి పెదవి తగిలిన పాత్రను మరొకరు తాకుట ఎంత పెద్ద సంగతో మనకు చెప్పనక్కరలేదు. తమిళదేశపు పాత సంఘములలో పై కులమువారు క్రింది కులమువారితో ఒకే గిన్నె పంచుకొనడానికి నిరాకరించగా, 1833లో కలకత్తా బిషప్పు డానియేలు విల్సనుగారు సంఘములో కులభేదము వెంటనే, పూర్తిగా విడిచిపెట్టవలెనని లేఖ పంపారు. దానిమీద అనేకులు సంఘము విడిచి వెళ్లారు. గిన్నె అంత బరువైన వస్తువు.

ఒంగోలులో అదే ప్రశ్న మరొక రూపములో వచ్చినది. యెర్రగుంట్ల పేరయ్యగారి ద్వారా మాదిగవారు గుంపులుగా రాసాగినప్పుడు, వారిని చేర్చుకొంటే తాము రామని పై కులములవారు క్లౌగారితో చెప్పారు. ఆయన, ఆయన భార్య వేరువేరు గదులలో బైబిలు తెరచి, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో ఒకే భాగము చూసి, పేదలనే చేర్చుకొనడానికి నిశ్చయించుకొన్నారన్న సంగతి మన పిల్లలకు కూడ తెలిసినదే. 1876–78 ధాతకరువు తరువాత, 1878 జూలై 2, 3, 4 తేదీలలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిదగ్గర మూడున్నర వేలమందికి పైగా బాప్తిస్మము పొందారు. అందులో 3వ తేదీన ఒక్కనాడే 2,222 మంది. వారందరికి ఒక్కొక్క గుక్క, ఐదు మిల్లీలీటర్ల చొప్పున ఇవ్వాలంటే పదిహేడున్నర లీటర్లకు పైగా రసము కావాలి. ఆ లెక్క వేసుకొన్నప్పుడల్లా, ఎన్ని పల్లెలలో ఎందరు తల్లులు ఎండు ద్రాక్ష నానబెట్టారో అనిపిస్తుంది.

అయితే ఒక నిజము కూడ ఒప్పుకోవాలి. బాప్టిస్టు సంఘములలో మాదిగవారు, లూథరను సంఘములలో మాలవారు ఎక్కువగా చేరారు. ఈ రెండు పల్లెలవారు ఒకే గిన్నె పట్టుకొన్న సందర్భములు మనము కోరుకొన్నన్ని లేవు. దొరలకు అప్పగించవలసిన తప్పు కాదు ఇది, మనదే.

చిన్న గ్లాసులు వచ్చిన రోజు

1882లో జర్మనీ వైద్యుడు కోహ్ క్షయరోగమునకు కారణమైన క్రిమిని కనుగొన్నాడు. అది మొదలు ఒకే గిన్నెలో అందరూ త్రాగుట మంచిదేనా అని అమెరికా సంఘములలో ప్రశ్న పుట్టి, 1890లలో ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న గ్లాసు, వాటికి రంధ్రములున్న పళ్లెము వాడుకలోకి వచ్చినవి. మన పట్టణ సంఘములు కొన్ని వాటిని ముందే తెచ్చుకొన్నవి. మా ఊరికి అవి 1986లో వచ్చినవి.

ఆ సంవత్సరము ఎందుకు జ్ఞాపకమంటే, దానికి ముందటి సంవత్సరము 1985 జూలై 17న కారంచేడు జరిగినది. మంచినీటి చెరువుదగ్గర పశువుల కుడితి బకెట్టు కడుగవద్దన్న మాటమీద, నీటి బిందె ఎత్తిన ఒక స్త్రీ మీద మొదలైన ఆ తగవు ఆరుగురు మాదిగల ప్రాణములు తీసికొన్నది. మిగిలినవారు చీరాలకు పారిపోయి వచ్చారు. మా ఊరిలో చాలమందికి అక్కడ బంధువులున్నారు. నీళ్లు, పాత్ర, ఎవరు తాకవచ్చును అన్న మాటలు ఆ ఏడాదంతా మా ఇండ్లలో నిప్పులాగ ఉన్నవి.

అటువంటి సమయములో పట్టణములో ఉద్యోగము చేసే మా బంధువు ఒకరు నలుబది చిన్న గ్లాసులు, తేకు పళ్లెము సంఘమునకు కానుకగా ఇచ్చారు. కమిటీ కూర్చున్నది. యౌవనస్థులు సంతోషించారు. మా సంఘములో ఒక పెద్దాయనకు క్షయ. ఆయన తరువాత గిన్నె అందుకొనడానికి కొందరు వెనుకాడుచుండగా, అది గ్రహించి ఆయనే మూడు నెలలనుండి బల్లకు రావడము మానివేసాడు. గ్లాసులు వస్తే ఆయన తిరిగి రావచ్చును.

అప్పుడు రిటైరయిన ఉపాధ్యాయుడు, సంఘములో అందరికంటె పెద్దవాడు లేచాడు. ఆయన మాటలు నాకు నేటికీ చెవిలో ఉన్నవి. "హోటల్లో నాకు వేరే గ్లాసు పెట్టారు. అది లోపల ఉండదు, బయట చూరులో గుచ్చి ఉంటుంది. నేనే తీసుకొని, తాగి, నేనే కడిగి, మళ్లీ నేనే గుచ్చాలి. నేను పాఠము చెప్పిన పిల్లలు లోపల కూర్చుని తాగుతుంటే నేను గుమ్మము బయట నిలబడి తాగాను. నా పెదవి తగిలిన గిన్నెను ఇంకొకరు అందుకొనే చోటు ఈ భూమిమీద ఇదొక్కటే. ఇక్కడా నాకు వేరే గ్లాసు పెడతారా?"

ఎవరూ మాట్లాడలేదు. ఒక ప్రక్క క్షయరోగి, మరొక ప్రక్క ఈ పెద్దాయన. ఇద్దరూ బల్లకు దూరమయ్యేటట్లు ఉన్నది.

అమ్మకు కమిటీలో స్థానము లేదు. టీ ఇవ్వడానికి వచ్చి గుమ్మములో నిలబడి ఉన్నది. ఆమె అన్నది: "అన్నయ్యా, అక్కడ మీ గ్లాసు మీరే కడుక్కున్నారు. ఇక్కడ మీ గ్లాసు నేను కడుగుతాను. నాది అధ్యక్షులవారు కడుగుతారు. ఎవరి గ్లాసు ఎవరిదో గుర్తు ఉండదు. అప్పుడు అది వేరే గ్లాసు ఎట్లా అవుతుంది?"

అధ్యక్షులవారు ముందు ముఖము ముడుచుకొన్నారు. తరువాత అందరితోపాటు ఆయనా నవ్వారు. చివరకు నిర్ణయించినది ఇది: రసము అందరి యెదుట ఒకే గిన్నెలోనుండి చిన్న గ్లాసులలో పోయాలి. ఏ గ్లాసుమీదా గుర్తు ఉండకూడదు. అందరూ అందుకొన్న తరువాత ఒకేసారి త్రాగాలి. గ్లాసులు కడుగుట వంతులవారీగా అందరి పని, పురుషులు సహా. మరుసటి మొదటి ఆదివారము ఆ పెద్దాయన వచ్చాడు. క్షయ పెద్దాయన కూడ వచ్చాడు. గ్లాసులు కడిగినది అధ్యక్షులవారే. మూడు పగిలినవి.

హోటళ్లలోని రెండు గ్లాసుల పద్ధతికి, బల్లమీది నలుబది గ్లాసులకు తేడా ఎక్కడున్నదో ఆ రోజు నాకు అర్థమయినది. గ్లాసు ఒకటా, నలుబదా అన్నది కాదు. దానిని ఎవరు కడుగుతారన్నదే ప్రశ్న.

నేడు చేయువారికి నాలుగు మాటలు

యౌవనస్థులు అడుగుతుంటారు గనుక, పని తెలిసినంతవరకు వ్రాస్తాను. కాచడానికి స్టీలు గిన్నె చాలును. కళాయి లేని ఇత్తడి, రాగి, అల్యూమినియము పనికిరావు. కిలో పండుకు నాలుగు లీటర్ల నీరు. పొంగనీయకుండ ఇరువది, ముప్పది నిమిషములు కాచి, వేడిగా ఉండగానే వేడినీళ్లతో కడిగిన సీసాలలో పోసి, మరుసటి రోజే వాడాలి. మిగిలితే ఫ్రిజిలో మూడు, నాలుగు రోజులకు మించి వద్దు. బుడగలు, కల్లు వాసన కనబడితే పారబోయాలి. సీసా కొత్తదై ఉండాలి. పత్తిచేలకు మందు కొట్టే మన ప్రాంతములో ఏ ఖాళీ సీసానూ నమ్మరాదు. ఎంత కడిగినా మందు సీసా మందు సీసాయే. ఇంటిలో ఆసవము పులియబెట్టుటకు మాత్రము పూనుకొనవద్దు. అనుమతి లేకుండ మత్తు పానీయము తయారుచేయుట మన రాష్ట్ర చట్టమునకు విరుద్ధము.

గ్లాసు ఎన్నుకొనేటప్పుడు అందము తరువాత చూడవచ్చును. ముందు లోపలికి చిన్న వ్రేలు దూరుతుందా చూడాలి; దూరకపోతే అడుగు శుభ్రపడదు. గోడలు తిన్నగా, అడుగు దళసరిగా ఉంటే పళ్లెములో ఒరగదు, వృద్ధుల వణికే చేతిలో నిలుస్తుంది. రంగు లేని గాజు మేలు; మురికి దాగదు. పది మిల్లీలీటర్లు పట్టే గ్లాసులో సగము పోస్తే ఒలకదు. మిరపకోతల నెలలలో గ్లాసు అందుకొనేముందు చేతులు కడుగుకొనే ఏర్పాటు ఉండాలి. వ్రేళ్లకున్న ఘాటు అంచుకు అంటి పసిపిల్లల తల్లులు కన్ను తుడుచుకొంటే ఎంత బాధో మనకు తెలియనిది కాదు. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్కు గ్లాసులను కొన్ని సంఘములు వాడుతున్నవి. కడిగే పని తప్పుతుంది నిజమే. కాని ఆ పని తప్పించుకొంటే మనము ఏమి పోగొట్టుకొంటామో పైన వ్రాసాను.

ఒకే గిన్నెను నేటికీ ఆచరించే సంఘములను తప్పు పట్టనక్కరలేదు. ఒకే గిన్నెవలన వ్యాధి వ్యాపించినట్లు నమోదైన సంఘటన లేదని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రపు పరిశోధకులు 1998లో వ్రాసారు. అయితే అక్కడ వాడేది ఎక్కువగా పులిసిన ద్రాక్షారసము, అంచును గుడ్డతో తుడిచే అలవాటు. మనది కాచిన రసము గనుక ఎక్కువ జాగ్రత్త న్యాయమే.

2020లో కరోనా వచ్చి దేవాలయములు మూతపడినప్పుడు గిన్నె లేదు, గ్లాసు లేదు. ఎవరి ఇంటిలో వారు స్టీలు లోటాలో రసము పోసుకొని, ఫోనులో పాస్టరుగారి స్వరము వింటూ కూర్చున్నాము. అమ్మ అప్పటికి లేదు. ఆమె పద్ధతిలో నేనే నానబెట్టి, పిసికి, వడకట్టి కాచాను. రుచి సరిగానే వచ్చినది. అయినా ఆ లోటా కడుగుతుంటే ఏదో లోపమనిపించినది. నా లోటా నేనే కడుగుకొంటున్నాను.

మరల తలుపులు తెరచిన ఆదివారము గ్లాసులు కడుగుట నా వంతు. అందులో ఏది ఎవరిదో నాకు తెలియలేదు. ఈ నూరేండ్లలో ఆ బల్ల మనకు నేర్పినది అదేనని నమ్మి, మన తరువాతివారు కూడ ఆ వంతు తప్పకుండ చేయుదురు గాక అని కోరుచు ముగిస్తున్నాను.